అర సెంటీమీటరు

యారవోంగా పెద్దవీధిలో నా కుట్టుకొట్టు.
ఎదురుగా నోరీన్ గాలాల దుకాణం.
చలికోటు జిప్పు మార్చినందుకు
డబ్బుకి బదులు రీలు పట్టుకుపొమ్మంది.
"నువ్వే ఎంచుకో."

అద్దాల బీరువాలో నగల్లా వరసగా.
మెరిసేదాన్ని చూపించాను.
కొట్లో కుర్రాడు వంత పాడాడు:
పది బేరింగులు, ఎనిమిది చుట్ల వేగం.
నోరీన్ వాడివైపు చూడనైనా లేదు.
"కత్తెర ఏ చేత్తో పడతావు?"
కుడిచేత్తో.
"అయితే కర్ర కుడిచేతిలోనే ఉండాలి,
పిడి ఎడమపక్కకి రావాలి.
విసిరాక నువ్వు చేతులు మార్చుకునేలోపు
చేప వస్తుంది, చూస్తుంది, పోతుంది."
అంత వేగమూ వద్దంది.
ముర్రే కాడ్ ముసలి జమీందారు,
పరుగెత్తే తిండి కోసం లేవడు.
పిడి ఒక చుట్టు తిరిగితే కండె ఆరు తిరిగేది చాలు.

నల్లటిది ఒకటి
అరచేతిలో కప్ప కూర్చున్నట్టు కూర్చుంది.

పక్కనున్న మీట బిగించి
లూర్‌ని వేలాడదీసి వదిలింది నోరీన్.
అది మెల్లగా దిగింది. నేల తాకగానే
కండె ఆగిపోయింది.
నాకు నవ్వొచ్చింది.
బాబిన్ గూటిని దారంతో వేలాడదీసి
ఒక్క కుదుపు కుదిపితే
బెత్తెడు జారి ఆగాలి.
ఇది నాకు పన్నెండేళ్ళప్పుడే తెలుసు.

తెలుసనుకోవడమే తప్పయింది.

ఆదివారం, పెరడు, ముళ్ళు పీకేసిన లూరు.
మొదటి విసురు.
లూరు ఆగింది. కండె ఆగలేదు.
వీళ్ళు దీన్ని పక్షిగూడంటారు.
గిజిగాడు వింటే పరువునష్టం దావా వేస్తాడు.
చిక్కులు తీయడం నా వృత్తి.
అయినా ముప్పావుగంట పట్టింది,
కత్తెర అందుకోబోయిన చేతిని
రెండో చెయ్యి పట్టి ఆపుతూ.

కంచె అవతలనుంచి నోరీన్:
"బ్రేకు సగం. మిగతా సగం నీ బొటనవేలు.
ఎదురుగాలిలో విసరకు.
కోపంలో అసలు విసరకు."
రెండోదే కష్టం.
ఆ వారమే ఒక పెళ్ళికూతురు
గౌను మూడుసార్లు వెనక్కి తెచ్చింది.

తిరిగే కండె మీద బొటనవేలు
ఆనీ ఆనకుండా,
నిద్రపోతున్న పిల్ల నుదుటిమీద జ్వరం చూసినట్టు.
లూరు నీటిని తాకడానికి రెప్పపాటు ముందు
నొక్కాలి. అంతే.
ఆ అంతేకి ఏడు ఆదివారాలు పట్టింది.

డిసెంబరు ఒకటి, తెల్లవారుజాము, ముల్వాలా సరస్సు.
ఎప్పుడో మునిగి చచ్చిన చెట్లు
నడుముల్లోతు నీళ్ళలో ఇంకా నిలబడి ఉన్నాయి.
నోరీన్ మోటారు ఆపేసింది.
ఒక మోడుకి జానెడు దూరంలో
చప్పుడు లేకుండా దిగింది నా లూరు.
ఇంటికి వెళ్ళిపోవడానికి అదొక్కటి చాలు.

నాలుగో చుట్టుకి ఎవరో లోపలనుంచి
తలుపు గడియ వేసినట్టయింది.
కర్ర వంగింది. దారం గీపెట్టింది.
నేనేం చేశానో నన్నడక్కండి, నోరీన్‌నడగండి.

పడవ పక్కకొచ్చి తేలింది:
పాచిరంగు మీద మచ్చల చీటీగుడ్డ ఒళ్ళు,
మీగడ పొట్ట,
మూతి నిండా అలక.
కొలబద్ద ఇంట్లో మరిచానంది నోరీన్.
నా మెడలో టేపుంది. ఎందుకుండదు?

యాభై నాలుగున్నర.
యాభై ఐదుండాలి.

మళ్ళీ కొలవమని అనలేదు తను. నేనూ కొలవలేదు.
గుడ్డయితే అంచుమడతలో దాచిన అర సెంటీమీటరు
విప్పి ఇచ్చేదాన్ని.
తడి చేతులతో దింపాను.
తోకతో నా మొహాన నీళ్ళు కొట్టి పోయింది.

సోమవారం కొట్టు తీశాను.
బొటనవేలి మీద దారం ఒరిసిన ఎర్రచార,
సూది పట్టుకుంటే చురుక్కుమంటోంది.
ఆ గౌను నాలుగోసారి వచ్చింది.
నడుం దగ్గర అర సెంటీమీటరు బిగుతట.
అదా, ఇస్తానమ్మా, అన్నాను.
నవ్వుతున్నానని కాబోలు
ఆ పిల్లకి కోపమొచ్చింది.